పేదరికం వల్లే నేరాలా? మామయ్యతో గొడవ, మీరే తేల్చండి

ఇసుకతిన్నె

నిన్న రాత్రి ఇంట్లో పెద్ద రభస. మా మామయ్య ఏ శాఖలోనూ ఉద్యోగం చేయలేదు, పేపరు చదివే శాఖలో తప్ప. "కడుపు కాలితే ఎవడైనా దొంగే అవుతాడు, అందరికీ పని చూపించండి, పోలీస్ స్టేషన్లు వాటంతటవే ఖాళీ అవుతాయి" అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా, ఊరుకోలేదు. "బ్యాంకులకు టోపీ పెట్టేవాళ్ళకి ఏం కడుపు కాలిందట?" అన్నాను. ఆయన గొంతు పెంచాడు, నేనూ పెంచాను, చివరికి అత్తయ్య వచ్చి లైటు ఆర్పేసింది.

పొద్దున లేచి చూసుకుంటే ఇద్దరి దగ్గరా నోరు తప్ప లెక్కలేవీ లేవు. ఇక్కడ చదువుకున్నవాళ్ళు, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు కదా. చేతిలో డబ్బు లేకపోతే, పని లేకపోతే నేరాలు పెరుగుతాయన్నది నిజమేనా? నిజమైతే ఎంతవరకు? తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్.

లెక్కలపిచ్చి

అన్నిటినీ "నేరాలు" అని ఒకే గంపలో వేస్తే దీనికి జవాబు ఎప్పటికీ రాదండి. జేబు కొట్టడం వేరు, పెళ్ళాన్ని కొట్టడం వేరు, ఖాతా పుస్తకంలో అంకె మార్చడం వేరు. ఒకే కారణం వల్ల ఒకటి పెరిగి ఇంకోటి తగ్గొచ్చు కూడా. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

19వ శతాబ్దపు బవేరియా, అంటే ఇప్పటి జర్మనీలో ఒక భాగం. అక్కడి మామూలు జనానికి తిండి అంటే రై అనే ధాన్యంతో చేసిన రొట్టె. వానలు మితిమీరితే రై పంట దెబ్బతింటుంది, ధర ఎగబాకుతుంది. గేయోర్గ్ ఫాన్ మైర్ అనే గణాంకవేత్త 1867లోనే ఆ ధరనీ దొంగతనాల సంఖ్యనీ పక్కపక్కన పెట్టి చూపించాడు, రెండూ జోడెడ్లలా నడిచాయి. 2006లో ముగ్గురు ఆర్థికవేత్తలు అవే పాత లెక్కలను మళ్ళీ తవ్వారు. వాన ఎవరూ చెబితే కురిసేది కాదు కాబట్టి, ధర పెరగడం వల్లే దొంగతనాలు పెరిగాయని వాళ్ళు గట్టిగానే చెప్పగలిగారు. మీ మామయ్యకి ఇక్కడ ఒక మార్కు వేయండి.

కానీ అవే ఏళ్ళలో కొట్లాటలు, దాడులు తగ్గాయి! ధాన్యంతో పాటు బీరు ధర కూడా పెరిగింది, జనం తక్కువ తాగారు, కాబట్టి తక్కువ కొట్టుకున్నారు, ఇదీ వాళ్ళ వివరణ. ఇది ఒక్కచోటి ముచ్చటేం కాదు. 1860ల నుంచి ఫ్రాన్స్‌లో ఫిలోక్సెరా అనే చిన్న పురుగు ద్రాక్ష తీగల వేళ్ళు తినేసి తోటలకు తోటలే ఎండగొట్టింది. ఆ జిల్లాల్లో కూడా దొంగతనాలు పెరిగాయి, దాడులు తగ్గాయి. ఇప్పుడు చెప్పండి, పేదరికం నేరాలను పెంచిందా తగ్గించిందా?

నిద్రరానివాడు

అంటే ఆకలేస్తే దొంగ, తాగితే రౌడీ. రెండూ ఉన్న నేను మాత్రం రాత్రి రెండింటికి చర్చలు చదువుతున్నాను.

గట్టిమాట

ఎంతమంది ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఒక్క విషయం అర్థం కాదు. పేదరికమే కారణమైతే పేదవాళ్ళందరూ దొంగలవ్వాలి కదా? మా నాన్న రెక్కాడితే గానీ డొక్కాడని మనిషి, ఒకరి సొమ్ముకి చెయ్యి చాచలేదు. "పరిస్థితులు" అని మీరు సర్దిచెప్పే ప్రతిసారీ అలాంటివాళ్ళని అవమానిస్తున్నట్టే. తప్పు చేసినవాడికి భయం లేదు, అదొక్కటే అసలు సంగతి.

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ చూడండి. 2015లో లక్ష మందికి వంద పైగా హత్యలు జరిగిన దేశం అది, అప్పట్లో ప్రపంచంలోనే మొదటి వరసలో. 2022 మార్చిలో అత్యవసర స్థితి పెట్టి ముఠావాళ్ళని మూకుమ్మడిగా లోపలేశారు. 2023లో ప్రభుత్వ లెక్క లక్షకి 2.4. అక్కడేమైనా ఏడాదిలో పేదరికం పోయిందా?

లెక్కలపిచ్చి

గట్టిమాట గారూ, మీ అంకెలు సరైనవే. నడుమ రెండు మెట్లు దాటేశారు, అంతే. అక్కడ 2021 నాటికే రేటు 18 దగ్గరికి దిగింది, అంటే పెద్ద దిగుడు అరెస్టులకు ముందే అయిపోయింది. ఆ తర్వాత ఇంకా పడింది, అది కాదనను. పెద్దవాళ్ళూ పిల్లలూ అందరినీ కలిపి లెక్కేసినా దేశ జనాభాలో నూటికి ఒకరి కంటే ఎక్కువమంది జైల్లో ఉన్నారు. ఆ ఒకరిలో ఏ తప్పూ చేయనివాళ్ళు ఎందరన్నది వేరే చర్చ, అది ఇక్కడ మొదలుపెడితే మోడరేటర్ మనిద్దరినీ బయటకి పంపిస్తాడు.

అయితే "పేదలందరూ దొంగలు కారు" అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం, అది నా వాదనకి అడ్డు కూడా రాదు. ఎవరూ అందరూ మారతారని అనడం లేదు. వెయ్యిమందిలో అంచున నిలబడ్డవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, పరిస్థితి అటో ఇటో నెడితే ఆ ఇద్దరు ముగ్గురు మారతారు, రేటు అనేది వాళ్ళ వల్లే కదులుతుంది. రేటు అంటే ఆ అంచు లెక్క. మీ నాన్నగారు ఆ అంచు దగ్గర ఎప్పుడూ లేరు.

పాతకాపు

నేను 26 ఏళ్ళు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాడిని. ఒక మాట ముందే చెప్తాను బాబూ, మీరు చూసే అంకెలు జరిగిన నేరాలవి కావు, రాసుకున్న నేరాలవి. ఫిర్యాదు ఇవ్వడానికి జనం ధైర్యం చేసి స్టేషన్ మెట్లెక్కే చోట, వచ్చిన ప్రతి ఫిర్యాదూ కాగితం మీదకి ఎక్కే చోట రేటు ఎక్కువ కనబడుతుంది. "పోనీలే అమ్మా, సర్దుకోండి" అని పంపేసే చోట పేపర్లో అంతా ప్రశాంతం. ఇంట్లో జరిగే హింస అయితే పదోవంతు కూడా బయటకి రాలేదేమో అని నాకెప్పుడూ అనిపించేది. హత్య ఒక్కటే కాస్త నమ్మదగిన లెక్క, శవాన్ని సర్దుకోమని పంపలేరు కదా.

ఇంకోటి. ఎవరు పట్టుబడతారు అన్నది కూడా చేతిలో డబ్బుందా లేదా అన్నదాని మీదే ఉంటుంది. నా బల్ల మీదుగా వెళ్ళిన రిమాండ్ కాగితాల్లో నూటికి తొంభై కూలీలూ క్లీనర్లూ పనిలేని కుర్రాళ్ళూ. అందుకని నేరమంతా వాళ్ళే చేస్తున్నారనుకుంటే మోసపోతాం. సదర్లాండ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1939లోనే ఈ మాట పట్టుకున్నాడు. నేరానికి పేదరికమే కారణమని మీరంటున్నారు, మరి తెల్లచొక్కా వేసుకుని కంపెనీల్లో కూర్చుని చేసేవాటిని మీ లెక్కలో ఎందుకు కలపలేదు, కలిపితే మీ సిద్ధాంతమే నిలబడదు కదా అని అడిగాడు. తెల్లచొక్కా నేరం అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఇసుకతిన్నె, మీ మామయ్యకి మీరు వేసిన ప్రశ్న అదే, తెలియకుండానే సరైన చోట పొడిచారు.

ఇసుకతిన్నె

పాతకాపు గారూ, ఈ పోస్టు ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటిస్తాను.

వేపచెట్టు

నేను బాల నేరస్తుల గృహంలో ఏడేళ్ళుగా కౌన్సెలర్‌ని. ఆకలితో దొంగతనం చేసిన పిల్లలు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఒకడి సంగతి చెప్తాను, పేరూ ఊరూ వద్దు. పదహారేళ్ళు. మూడుసార్లు బైకు ఎత్తుకుపోయాడు, ఒక్కసారీ అమ్మలేదు. పెట్రోలు అయిపోయేదాకా తిరిగి, రోడ్డు పక్కన స్టాండు వేసి, తాళం పెట్టే చోట దుమ్ము తుడిచి మరీ వదిలేసి వచ్చేవాడు. ఎందుకురా అంటే మొదటి మూడు వారాలు నోరు విప్పలేదు. నాలుగో వారం, కిటికీ ఊచ మీద పెయింటు గోరుతో గీకుతూ, నా వైపు చూడకుండా అన్నాడు, "దాని మీద వెళ్తే జనం పక్కకి జరుగుతారు మేడం. నడిచి వెళ్తే నన్నే జరగమంటారు."

దీన్ని నేను పేదరికం ఖాతాలో రాయాలా, ఇంకేదైనా ఖాతాలో రాయాలా? రాబర్ట్ మెర్టన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1938లో రాసింది నాకు ఇక్కడే అర్థమైంది. సమాజం అందరికీ ఒకే కల చూపిస్తుంది, డబ్బు, హోదా, గుర్తింపు. దారి మాత్రం కొందరికే ఇస్తుంది. కల బలంగా ఉండి దారి మూసేస్తే కొందరు వేరే దారి వెతుక్కుంటారు, కొందరు కలనే వదిలేసి మూల కూర్చుంటారు. అందరూ ఒకేలా పేదగా ఉన్నచోట ఈ మంట తక్కువ. కళ్ళెదుట ఒకడు కారులో, ఒకడు కాలినడకన ఉన్నచోటే ఎక్కువ. దేశాలను పోల్చిన పరిశోధనల్లో కూడా హత్యల రేటు వట్టి పేదరికం కంటే అసమానతతో ఎక్కువ ముడిపడి కనిపిస్తుంది.

గట్టిమాట

బైకు పోయినవాడు ఆ రోజు పనికి ఎలా వెళ్ళాడో ఎవరైనా అడిగారా మేడం?

వేపచెట్టు

అడిగాను గట్టిమాట గారూ. ఆ కుర్రాడి చేతే ఉత్తరం రాయించాను, మూడు కుటుంబాలకీ. ఒకరే జవాబిచ్చారు, అదీ తిట్టుతో. ఆ తిట్టు వాడికి చదివి వినిపించాను.

లెక్కలపిచ్చి

వేపచెట్టు గారి బైకు కథకి తోడు ఒకటి. 1980లో పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేకుండా బండి నడిపితే అక్కడికక్కడే జరిమానా అన్నారు. ఉద్దేశం తలలు కాపాడటం. కానీ ఆ ఏడాది లక్షన్నర దాకా ఉన్న మోటార్‌సైకిల్ దొంగతనాలు 1986కి 54 వేలకు పడిపోయాయి. ఎందుకంటే చాలామంది దొంగలు ప్లాను వేసుకుని వచ్చేవాళ్ళు కారు, దారిన పోతూ బండి కనబడితే ఎక్కేవాళ్ళు, వాళ్ళ చేతిలో హెల్మెట్ ఎక్కడుంటుంది? లేకుండా ఎక్కితే మొదటి కూడలిలోనే ఆపుతారు. కార్ల దొంగతనాలు ఆ మేరకు పెరగలేదు కూడా. ఎవరి పేదరికమూ మారలేదు, ఎవరి మనసూ మారలేదు, అవకాశం ఒక్కటే మారింది.

దీన్ని తిరగేసి చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఉద్యోగాలు, జీతాలు, చదువులు అన్నీ పెరిగాయి, వాటితో పాటే నేరాలూ పెరిగాయి. హత్యల రేటు 1960లో లక్షకి 5.1 ఉంటే 1980లో 10.2. పేదరికం సిద్ధాంతం ప్రకారం తగ్గాలి కదా! కోహెన్, ఫెల్సన్ అనే ఇద్దరు 1979లో ఇచ్చిన వివరణ వింటే మరీ ఇంతేనా అనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్తున్నారు, పగలు ఇల్లు ఖాళీ. టీవీలు ఒక మనిషి చంకలో పెట్టుకుపోయేంత తేలికయ్యాయి. దొంగతనం చేయాలనుకునే మనిషి, ఎత్తుకుపోదగిన వస్తువు, చూసేవాళ్ళు లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట కలిస్తే చాలు. డబ్బు పెరిగితే రెండోది పెరుగుతుంది, పని పెరిగితే మూడోది పెరుగుతుంది.

ఇక 2008 మాంద్యం. అక్కడ నిరుద్యోగం 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. అందరూ నేరాలు పేలిపోతాయనుకున్నారు. హత్యల రేటు 2008లో 5.4, 2010లో 4.8. దొంగతనాలు కూడా తగ్గాయి. పనిలేనివాళ్ళు పగలంతా ఇంట్లోనే ఉండటం ఒక కారణం కావచ్చని కొందరంటారు.

నిద్రరానివాడు

అయితే నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడం సమాజ సేవ అన్నమాట. మా ఆవిడకి ఈ లింకు పంపిస్తున్నాను.

మిణుగురు

ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇది మా అన్న విషయం కాబట్టి రాస్తున్నాను.

పంతొమ్మిదేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి ఒక గోడౌన్ తాళం పగలగొట్టిన కేసులో పట్టుబడ్డాడు. ఎనిమిది నెలలు లోపల ఉండి వచ్చాడు. తప్పు వాడిదే, మేమెవరం కాదనలేదు. వచ్చాక పద్నాలుగు చోట్ల పనికి అడిగాడు, నేను పక్కన కూర్చుని ఫారాలు నింపాను కాబట్టి లెక్క గుర్తుంది. ప్రతి ఫారంలో ఒక గడి, "మీపై ఏదైనా క్రిమినల్ కేసు ఉందా". మొదటి అయిదింటిలో అవును అని టిక్కు పెట్టాడు, ఒక్క ఫోను రాలేదు. ఆరోదాంట్లో కాదు అని పెట్టాడు, ఉద్యోగం వచ్చింది, మూడు నెలలకి ఎవరో చెప్పారు, మధ్యాహ్నం పిలిచి గేటు బయటే జీతం కవరు చేతిలో పెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు, అమ్మ పిలుస్తున్నా లేవలేదు. పాత స్నేహితులు మాత్రం మర్నాడే వచ్చారు, వాళ్ళ దగ్గర ఫారాలు ఉండవు కదా.

పేదరికం నేరానికి దారితీస్తుందా అని అడుగుతున్నారు. మా ఇంట్లో వరస తిరగబడింది. ముందు నేరం, తర్వాత పేదరికం, ఆ తర్వాత మళ్ళీ నేరం జరిగేదే, మా బాబాయి తనతో పాటు లారీ మీద తీసుకుపోకపోతే.

వేపచెట్టు

మిణుగురు, రాసినందుకు థాంక్స్ అమ్మా. మీ అన్న ఇప్పుడు ఎలా ఉన్నాడు?

మిణుగురు

సొంతంగా నడుపుతున్నాడక్కా. లైసెన్సు కోసం నాలుగుసార్లు తిరిగాడు గానీ వచ్చింది.

లెక్కలపిచ్చి

మిణుగురు గారు చెప్పింది ఒక ఇంటి కథ అని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. దేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని మిల్వాకీలో ఇదే పరీక్ష పెట్టింది, 2003లో ప్రచురించింది. ఒకే చదువు, ఒకే మాటతీరు ఉన్న యువకులను నిజమైన ఉద్యోగాలకు పంపి, కొందరిచేత కేసు ఉందని చెప్పించింది. తెల్లవాళ్ళలో కేసు లేనివాళ్ళకి 34 శాతం చోట్ల మళ్ళీ పిలుపు వచ్చింది, ఉందని చెబితే 17. నల్లవాళ్ళకి కేసు లేకపోయినా 14, ఉంటే 5. ఇంకోసారి చదవండి, కేసు లేని నల్లవాడి కంటే కేసు ఉన్న తెల్లవాడికే ఎక్కువ పిలుపులు. సామాజికం, ఆర్థికం అని మనం రెండు మాటలు వాడుతున్నాం గానీ ఆ ఫారం గడిలో రెండూ ఒకటే.

పాతకాపు

ఆ అమ్మాయి చెప్పిన వరస నేను రోజూ చూసేవాడిని. ఒక ముక్క కలుపుతాను. చిన్న దొంగతనం కేసులో బెయిల్ సులువుగానే వస్తుంది. జామీను, అంటే పూచీ, దొరకదు. ఇద్దరు పూచీదారులు కావాలి, వాళ్ళ పేరున ఏదో ఆస్తి కాగితం ఉండాలి. రోజుకూలికి ఆస్తి కాగితం ఉన్న స్నేహితుడు ఎక్కడి నుంచి వస్తాడు? బెయిల్ ఆర్డరు మీద సంతకం అయ్యాక కూడా యాభై అరవై రోజులు లోపలే ఉన్నవాళ్ళున్నారు. ఈలోపు పని పోతుంది, అద్దె ఇల్లు పోతుంది, లోపల కొత్త స్నేహాలు దొరుకుతాయి. ఒకసారి ఒకతను జామీను దొరికి బయటకొచ్చి, వరండాలో నా దగ్గరకొచ్చి, "సార్, ఇప్పుడు నేను ఎక్కడికెళ్ళాలి" అని అడిగాడు. వాయిదా తేదీ రాసిన చీటీ చేతికిచ్చాను. నా దగ్గర ఉన్నది అదొక్కటే.

గట్టిమాట

సరే, నేనూ ఒకటి చెప్తాను, ఎందుకంటే ఈ చర్చలో అందరి జాలీ ఒకవైపుకే పోతోంది.

నేను ఎలక్ట్రీషియన్‌ని. ఎనిమిది నెలల కిందట నా పనిముట్ల సంచి పోయింది, నిచ్చెన దగ్గర పెట్టి మీటరు చూడటానికి లోపలికెళ్ళి వచ్చేలోపే. డ్రిల్లు మిషను, క్రింపింగ్ టూలు, టెస్టరు, మా గురువు ఇచ్చిన కటింగ్ ప్లయరు. పదకొండు రోజులు పని లేదు. రెండు కాంట్రాక్టులు చేజారిపోయాయి, అప్పు చేసి కొత్తవి కొన్నాను. దొంగ కూడా పేదవాడే అయ్యుంటాడు, నేను మాత్రం ఏమన్నా జమీందారునా? పోయేది ఎప్పుడూ మాలాంటివాళ్ళదే. పెద్ద గేటు, కెమెరా, వాచ్‌మన్ ఉన్నచోట ఎవడూ చెయ్యి పెట్టడు. పరిస్థితులు, పరిస్థితులు అనేవాళ్ళు ఈ పరిస్థితి కూడా రాసుకోండి.

లెక్కలపిచ్చి

ఇది ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికంటే బలమైన పాయింటు, వ్యంగ్యం కాదు, నిజంగానే అంటున్నాను. నేరం పేదరికం నుంచి పుట్టినా పుట్టకపోయినా దాని బిల్లు మాత్రం పేదవాళ్ళే ఎక్కువగా కడతారు. అందుకే రక్షణ కూడా అక్కడే ఎక్కువ ఉండాలి.

భయం విషయంలోనూ మీరు సగం కరెక్టు. గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త ఒకసారి ఒక విద్యార్థికి పరీక్ష పెట్టడానికి వెళ్తూ ఆలస్యమై, కారు సరైన చోట పెట్టి నడవాలా, వీధిలోనే పెట్టేసి జరిమానా పడే ఛాన్సు తీసుకోవాలా అని మనసులో లెక్కేసుకుని వీధిలోనే పెట్టేశాడట. దొంగ కూడా ఇలాగే లెక్క వేసుకుంటాడు కదా అని ఆలోచన వచ్చి 1968లో ఆ వ్యాసం రాశాడు, 1992లో నోబెల్ కూడా వచ్చింది. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు ఎక్కువగా చెప్పేది ఏమిటంటే, పట్టుబడే అవకాశం పెరిగితే జనం వెనక్కి తగ్గుతారు, శిక్ష పదేళ్ళ నుంచి ఇరవై చేస్తే పెద్దగా తేడా ఉండదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇరవై ఏళ్ళ తర్వాతి సంగతి లెక్కేయడు, వచ్చే వారం సంగతే లెక్కేయడు.

వేపచెట్టు

వీధి సంగతి ఎవరూ ఎత్తలేదు. షా, మెకే అనే ఇద్దరు 1942లో షికాగో మీద పుస్తకం రాశారు. కొన్ని పేటల్లో దశాబ్దాల తరబడి బాల నేరాలు ఎక్కువే. ఒక దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు పోయి ఇంకో దేశంవాళ్ళు వచ్చారు, జనం మొత్తం మారిపోయారు, పేట రేటు మారలేదు. ఖాళీ చేసి వేరేచోటికి పోయినవాళ్ళ పిల్లలు అక్కడ మామూలుగానే పెరిగారు. "ఆ జాతే అంత, ఆ కులమే అంత" అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మళ్ళీ 1995లో అదే షికాగోలో 343 పేటల్లో 8,782 మందిని కూర్చోబెట్టి అడిగారు. బడి ఎగ్గొట్టిన పిల్లలు వీధి మూల మీద నిలబడితే మీ ఇరుగుపొరుగు అడుగుతారా? పెద్దవాళ్ళని ఎదిరించి మాట్లాడితే ఎవరైనా మందలిస్తారా? ఇలాంటివే ప్రశ్నలు. అవును అన్న పేటల్లో హింస తక్కువ, అంతే పేదరికం ఉన్నా సరే. అయితే పేదరికం ఎక్కువై, అద్దెవాళ్ళు ఏడాదికోసారి మారిపోతుంటే ఎవరు ఎవరి పిల్లాడో తెలిసేదెలా, అడిగేదెవరు? పేదరికం నేరుగా కత్తి పట్టించదు, అడిగే మనిషిని వీధిలోంచి తీసేస్తుంది.

మగపిల్లలు, ఆడపిల్లల తేడా కూడా చూడండి. 1990లలో అమెరికాలోని అయిదు నగరాల్లో దాదాపు 4,600 పేద కుటుంబాలను లాటరీ తీసి, గెలిచినవాళ్ళకి మెరుగైన పేటల్లో ఇల్లు తీసుకోవడానికి అద్దె సాయం ఇచ్చారు. కొన్నేళ్ళకి చూస్తే ఆడపిల్లల అరెస్టులు తగ్గాయి. మగపిల్లల్లో దొంగతనం అరెస్టులు పెరిగాయి! ఇల్లు మారింది, వాడు మాత్రం కొత్తచోట మళ్ళీ నడిచి వెళ్ళేవాడే అయ్యాడు. నాకు మా బైకు కుర్రాడే గుర్తొచ్చాడు.

మోడరేటర్

చర్చ బాగుంది, తొలగించిన రెండు పోస్టులు ఒక కులాన్ని పేరు పెట్టి అన్నవి. ఇంకోసారి అయితే ఖాతా కూడా పోతుంది. కొనసాగించండి.

ఇసుకతిన్నె

మామయ్య పక్కనే కూర్చుని చదువుతున్నాడు. "ఇవన్నీ సరే, చేయగలిగింది ఏమన్నా ఉందా లేదా" అని అడగమంటున్నాడు. గొంతు కొంచెం తగ్గింది.

లెక్కలపిచ్చి

ఉంది, మామయ్య గారూ. పెద్దవి కాదు, చిన్నవే చెప్తాను, ఎవరికి ఇవ్వాలో లాటరీ తీసి, ఇవ్వనివాళ్ళతో పోల్చి పరీక్షించినవి.

లైబీరియా రాజధాని మన్రోవియాలో దొంగతనాలు, మత్తుమందుల అమ్మకం చేసే 999 మంది యువకులను తీసుకున్నారు. కొందరికి ఎనిమిది వారాల కౌన్సెలింగ్, కోపం వస్తే ఏం చేయాలి, మనిషి ముందు ఎలా నిలబడాలి, జుట్టు బట్టలతో సహా. కొందరికి 200 డాలర్లు చేతికి, ఏమైనా చేసుకోమని. కొందరికి రెండూ. వట్టి డబ్బు నిలవలేదు, వట్టి కౌన్సెలింగ్ ఫలితం కూడా ఏడాదికి చాలావరకు పలచబడింది. రెండూ అందినవాళ్ళలో పదేళ్ళ తర్వాత వెళ్ళి చూసినా దొంగతనాలు లాంటివి దాదాపు సగానికి తగ్గి ఉన్నాయి. డబ్బు ఇస్తే తాగేస్తారన్నవాళ్ళదీ తప్పే, డబ్బు ఇస్తే చాలన్నవాళ్ళదీ తప్పే.

షికాగోలోనే 2012లో హింస ఎక్కువున్న పేటల బడి పిల్లలకి వేసవిలో ఎనిమిది వారాల పార్ట్‌టైమ్ పని ఇచ్చారు. 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. చిత్రం ఏమిటంటే తగ్గుదల ఎక్కువగా పని అయిపోయాక వచ్చింది, అంటే పని ఉండి టైం లేక మానేశారనుకోవడానికి లేదు. దొంగతనాల్లో పెద్ద తేడా రాలేదు. ఫిలడెల్ఫియాలో చెత్త పేరుకున్న ఖాళీ స్థలాలు శుభ్రం చేసి గడ్డి వేసి, చుట్టూ చిన్న కంచె కట్టారు, అంతే. పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది.

గట్టిమాట

గడ్డి వేస్తే కాల్చుకోవడం తగ్గిందా? నమ్మబుద్ధి కావట్లేదు గానీ మా పనిలో ఒకటి గమనించాను. లైటు కాలిపోయిన స్తంభం కింద ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుంది. నేను బల్బు మార్చిన మర్నాటి నుంచి అక్కడ ముసలాళ్ళు కూర్చోవడం మొదలుపెడతారు.

లెక్కలపిచ్చి

మీరు చెప్పింది న్యూయార్క్‌లో కొలిచారు కూడా. ప్రభుత్వ గృహ సముదాయాల్లో పెద్ద లైట్లు పెడితే రాత్రిపూట ఆరుబయట జరిగే పెద్ద నేరాలు 36 శాతం తగ్గాయి. మీరు స్తంభమెక్కి చేసేది ఇదేనండి.

మిణుగురు

గట్టిమాట అన్నా, మీ సంచి దొరికిందా?

గట్టిమాట

దొరికిందమ్మా, అదే కదా తమాషా. నెలలోపే దొంగని పట్టుకున్నారు, సంచి కూడా దొరికింది. కేసు ఆస్తి అని కోర్టులో పెట్టారు. ఏడు నెలలుగా అక్కడే. అడిగితే కేసు తేలాక అంటున్నారు. కొత్తవాటికి ఇంకా వాయిదాలు కడుతూనే ఉన్నాను.

పాతకాపు

అయ్యో, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు బాబూ. వస్తువు మధ్యంతరంగా మీకు అప్పగించమని పిటిషన్ వేయండి. మీవే అని చూపించడానికి కొన్న రసీదులో, వాటితో పనిచేస్తూ దిగిన పాత ఫోటోలో జత చేయండి. కోర్టు వాటికి ఫోటోలు తీయించి, వివరాలు రాయించి, అడిగినప్పుడు తెస్తానని మీ దగ్గర బాండు తీసుకుని ఇవ్వచ్చు. వకీలుకి ఇచ్చుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల సంస్థ ఆఫీసులో అడగండి, ఉచితంగా వకీలుని పెట్టే వీలుందేమో చూస్తారు. గుమ్మం దగ్గరివాళ్ళు చెప్పే మాట నమ్మకండి, నేరుగా ప్రాపర్టీ క్లర్కుని కలవండి. మధ్యాహ్నం వద్దు, పొద్దున జడ్జిగారు బెంచి ఎక్కకముందే.

గట్టిమాట

రసీదులు లేవు సార్. ప్లయరు మీద మా గురువుగారి పేరు చెక్కి ఉంటుంది, అది సరిపోతుందా?

పాతకాపు

సరిపోవాలి. పిటిషన్‌లో ఆ మాట రాయించండి, ఏ వైపు చెక్కి ఉందో కూడా.

గట్టిమాట

ఎడమ పిడి లోపలి వైపు. సోమవారం వెళ్తాను. డ్రిల్లు తుప్పు పట్టకుండా ఉంటే చాలు.